రెండువందల పన్నెండో పేజీ

ఆకివీడు రైల్వే గేటు అవతల
ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో మా ల్యాబు.
చెరువు నీళ్లు సీసాల్లో వస్తాయి,
పాచి రంగు, కుంకుడు రసం రంగు, పాలు తక్కువైన కాఫీ రంగు.
చుక్కలు వేసి, ఊపి, వెలుతురుకి పట్టి
ఎవరి రొయ్యకి ఊపిరాడుతోందో చెప్పడం నా ఉద్యోగం.

సీజన్లో తెల్లారుజామున నాలుగింటికే తలుపు తీయాలి.
ఐదు దాకా ఎవరూ రారు.
ఆ గంట నాది.
రసీదు పుస్తకాల కింద దాచిన నవల
సొరుగులోంచి తీస్తాను.

గొప్ప నవలేం కాదు.
అట్ట మీద ఒక గొడుగు, దాని కింద నాలుగు కాళ్లు.
భీమవరం బస్టాండులో కొన్నాను,
చిల్లర లేదంటే విసుక్కుంటూ.

హిమజ అని ఒక పిల్ల, ముప్పై ఒకటి నిండాయి.
స్నేహితురాలి పెళ్లికి వెళ్లి
పై అంతస్తు బదులు కింది అంతస్తులో
ఎవరిదో పెళ్లి బంతిలో కూర్చుని
మారు బూరె అడిగి వేయించుకుంటుంది.
చుట్టాలమ్మాయి అనుకుని
పెళ్లికొడుకు అన్న నెయ్యి గిన్నె పట్టుకొచ్చి
"మావయ్య కులాసానా?" అంటాడు.
ఈవిడ తడుముకోకుండా చెప్పేస్తుంది,
మోకాళ్లే కొంచెం ఇబ్బంది పెడుతున్నాయని.

నేనిదివరకు చదివిన కథానాయికలకి
నిద్ర లేచినా జడ చెదరదు.
ఈవిడ దిండు మడత చెంప మీద వేసుకుని
ఆఫీసుకి పోతుంది.
జాకెట్టు హుక్కు ఊడితే పిన్నీసు,
పిన్నీసు ఊడితే పైట,
పైట జారితే మొండి ధైర్యం.
అద్దం ముందు వల్లె వేసుకున్న జవాబు
మనిషి వెళ్లిపోయాక గేటుకి చెబుతుంది.
ఇవన్నీ నావి.
ఆ రచయిత్రికి ఎవరు మోశారో!

నిన్న తెల్లారి, రెండువందల పన్నెండు.
వాన. స్కూటీ కదలదు.
వాడు, నెయ్యి గిన్నె వాడు, వెనక నుంచి తోస్తున్నాడు,
తోస్తూ తోస్తూ
ఆర్నెల్లుగా నానబెట్టిన మాట బయటపెడుతున్నాడు.
సరిగ్గా అప్పుడే బండి అందుకుంది.
వాడు బురదలో బోర్లా.
వీధి మలుపు అవతలి నుంచి ఆవిడ కేక:
"ఏమన్నావూ?"

నవ్వు ఆగలేదు.
మూడు చుక్కలు పడాల్సిన గాజు గొట్టంలో
ఏడు పడ్డాయి.
తలెత్తితే గుమ్మంలో కొల్లాటి ఏడుకొండలు గారు,
లుంగీ మోకాళ్ల దాకా తడి, చేతిలో సీసా.
"అక్కడ నా రొయ్యలు తేలుతుంటే
నవ్వొస్తందామ్మా నీకు?"

పుస్తకం ఒళ్లోంచి జారింది.
ఈసారి లెక్కపెట్టి వేశాను.
అమ్మోనియా ఎక్కువుంది. మేత ఆపండి,
ఏరేటర్లు ఆపకండి, అడుగు నీళ్లు తీయించండి.
ఆయన కదల్లేదు.
నేల మీది ఆ నాలుగు కాళ్ల వైపు చూసి
"ఏటంట అందులో?"

చెప్పకూడదనుకుంటూనే చెప్పాను.
బూరె, మావయ్య మోకాళ్లు, బురద, అన్నీ.
ఒక్క చోటా నవ్వలేదు పెద్దమనిషి.
"ప్లగ్గు పట్టేసుంటది ఆ బండికి,"
అని డబ్బులు బల్ల మీద పెట్టి
చీకట్లోకి వెళ్లిపోయాడు.

రాత్రి ఎనిమిదిన్నరకి ఫోను.
వెనకాల ఏరేటర్ల హోరు.
"తేరుకున్నాయమ్మా. కిందకి దిగినాయి. ఆయ్."
మంచిదండీ, అన్నాను.
పెట్టేయలేదు.
కాసేపు నీళ్ల చప్పుడే.
"మరీ... ఆ పిల్ల ఎనక్కొచ్చిందా?"

ఇంకా చదవలేదండీ,
ముప్పై పేజీలే మిగిలాయి, దాచుకుంటున్నాను.
"దాచుకోడానికి అదేవన్నా ఆవకాయా?
రేపు ఇంకో సీసా తెస్తాను. ఈలోగా చూసుంచు."

రేపటి నీళ్లలో ఏ తేడా ఉండదని
నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

కరెంటు పోయింది.
ఫోను వెలుతుర్లో రెండువందల పదమూడు:
వెనక్కి వస్తోంది హిమజ,
బండి నడిపించుకుంటూ,
ఒక కాలికే చెప్పు.
మెకానిక్కు చూసి చెప్పాడట,
ప్లగ్గేనట.