నూరు రూపాయల కాగితం

నారాయణపేట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందర
రేకుల చాటున నా బల్ల.
ముప్పై ఏండ్ల సంది ఊరోళ్ల చావులు
నా చేతిరాతలనే దఫ్తరుకెక్కుతయి.

మాణెమ్మ ఒక శుక్రవారం వచ్చింది,
నేను నమాజుకు లేస్తుంటే.
"ఖాదర్ భయ్యా, వీలునామా రాయాలె."
తెల్లకాగితం చాలు, సాక్షులు ఇద్దరు చాలన్న.
వినలే.
తన పేరు మీద నూరు రూపాయల స్టాంపు కొన్నది.
"నా మాటకు బరువుండాలె గద."
వేళ్ల సందున జరీ పోగు ఇంకా మెరుస్తున్నది.

రాద్దామంటే, మగ్గం మీది చీర దిగనీ అన్నది.
దిగినంక, అమాస పోనీ అన్నది.
తర్వాత సొసైటీ లోను,
తర్వాత మోకాలు నొప్పి.
కాగితం నా పెట్టెల పండుకున్నది
రెండు వానకాలాలు.

మొన్న పొద్దుగాల
మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొనే
ఒరిగిపోయింది.

చట్టం ఏడ్వదు. వరుసలు అడుగుతది.
కొడుకు? లేడు.
బిడ్డ? లేదు.
పెనిమిటి? పెండ్లైన పదకొండో నెల
భివండిల జ్వరమొచ్చి పోయిండు.
అప్పటికి ఆమెకు పంతొమ్మిది.
అత్త తాళంచెవి అడిగి తీసుకున్నది.
ట్రంకుపెట్టె పట్టుకొని కోటకొండ బస్సెక్కింది.
దిగినంక నలభై రెండేండ్లు
ఎనకకు చూడలే.

చట్టం మాత్రం ఎనకకే చూస్తది.
పెనిమిటి లేకుంటే పెనిమిటి వారసులెవరంటది.
నేసి నేసి కట్టిన రెండర్రల ఇల్లు,
మగ్గం, అచ్చు, నాడె,
బ్యాంకుల డెబ్బై వేలు
ఎన్నడో పోయినోని అన్న కొడుక్కు.
తండ్రి పోయినంక వచ్చిన ముప్పై గుంటల చెలక,
కందులు తప్ప ఇంకోటి పండని నేల,
అది తండ్రి దిక్కే మర్లుతది.
తమ్ముడు లేడు గనుక
తమ్ముని బిడ్డ శశిరేఖకు.

పదేండ్లు పక్కన కూచొని కండెలు చుట్టిన పిల్ల.
నీళ్లు కాచి పోసింది,
మోకాలికి నూనె రాసింది.
దరఖాస్తుల దానికి గడి లేదు,
నేను వెతికిన.

భివండి నుంచి పాండురంగ్ వచ్చిండు.
చెడ్డోడు కాదు.
పవర్‌లూముల నడుమ చెవులు పోయినయి,
ప్రతి మాటా రెండుసార్లు అరవాలె.
మృతురాలి పేరు అన్న కాడ ఆగిండు.
"చిన్నమ్మ పేరేంది?" అని
శశిరేఖనే అడిగిండు.
ఆమె చెప్పింది. ఆయనకు వినబడలే.
మళ్ల చెప్పింది,
బజార్ల పోయేటోళ్లు తిరిగి చూసేటట్టు.

ఆ రాత్రి పెట్టె తెరిచిన.
స్టాంపు మీద రెండేండ్ల కిందటి తేదీ,
కొన్నోళ్ల పేరు, కింద అంతా ఖాళీ.
నాలుగు వాక్యాలు చాలు.
ఆమె గొంతు నాకు తెలుసు, ఏమంటదో తెలుసు:
నా ఇల్లు నా శశికి.
సాక్షులంటరా, చాయ్ తాగిపోయేటోళ్లే ఇద్దరు.
కలం మూత తీసిన.

మా దాంట్ల లెక్క వేరే.
అబ్బా పోయిననాడు పెద్దమనుషులు వేళ్ల మీద లెక్కపెట్టిన్రు,
అక్కకు ఒకటి, నాకు రెండు.
నా రెండు నేను తీసుకున్న.
అక్క చాయ్ పోసింది అందరికీ.
ఆ రాత్రి ఎందుకు యాదికొచ్చిందో.

మూత పెట్టేసిన.
ఈమానమో, భయమో,
ఇప్పటికీ తెల్వది.

మగ్గం మీద సగం చీర ఉన్నది,
ఆకుపచ్చ మీద ఎర్రంచు.
పట్టు సొసైటీది, అప్పు మాణెమ్మది.
ఆస్తి ఎటు పోతే అప్పు అటేనని అరిచి చెప్పిన.
పాండురంగ్ శానసేపు నేల చూసిండు.
"చీర నువ్వే దింపు" అన్నడు శశిరేఖతోని,
"తాళంచెవి నెల తర్వాత ఇయ్యి."
ఆమె ఊ అనలే, ఉహూ అనలే.
కొంగుముడి ఒక్కసారి తడిమి చూసుకున్నది.

స్టాంపు కాగితం ఇంకా నా పెట్టెలనే ఉన్నది.
చింపబుద్ధి కాదు.
నూరు రూపాయలు, కొన్నది మాణెమ్మ.
లెక్క ప్రకారమైతే
అది కూడ పాండురంగ్‌దే.