దగ్గరి అద్దం

దేవరకొండ పాలిటెక్నిక్‌ల మెట్ల కింది గది.
పాత డబ్బా ఒకటి రాత్రంత గుయ్యిమంటది.
అండ్ల ఏమున్నదని అడిగితె
"అద్దం, సైదులన్నా" అన్నది నుస్రత్ మేడం.
ముఖం కనపడని అద్దం.

అసలుది ఎక్కడ్నో దూరాన ఉన్నదట.
తలుపు కొట్టినోళ్లకల్లా
"మీకు దేవరకొండ దగ్గర, అటు పోండ్రి" అంటదట.
పైస అడగదట.
ఎంతమందికిచ్చినా ఒడువదట.

బోరునీళ్లతోని మా పండ్లన్ని గారపట్టినయి.
ఒక్క క్యాను మంచినీళ్లకు
నాలుగు మైళ్లు సైకిల్ తొక్కినోణ్ని,
దగ్గర అంటె ఏందో నాకెరుక.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
ఇన్వర్టర్ కూతపెడుతున్నది.
ఆకుపచ్చ బుడ్డిలైటు ఇంకా కొట్టుకుంటనే ఉన్నది.
ఎవరో సగంల ఉన్నరు,
అచ్చంపేటనో, గద్వాలనో.
ఫ్యాను బందుచేసి
చీకట్ల కూసున్న,
వాళ్లది అయ్యేదాక.