ఆ బేస్తవారం

తుమ్మలపెంట హ్యాచరీలో రాత్రి రెండింటి మేత.
నాకంటే ముందే విమానం ఎక్కొచ్చిన తల్లి రొయ్యలకు
మసక వెలుతుర్లో చూలింతల సాకిరి.
ఎర్రల్ని కత్తెరతో తరిగి, తూకమేసి
తొట్టి అంచు చుట్టూ మెల్లగా చల్లుతాను.
వేళ్ల సందున ఆ వాసన
మూడు సబ్బులకూ పోదు.
అన్నం కలిపే ముందు
చెయ్యి ముక్కు దగ్గర పెట్టి చూసుకోవడం
పదకొండేళ్ల అలవాటు.

ఆ ఎర్రలు తెచ్చేది రావణమ్మ.
ఉప్పుటేరు పాటు తీసిన వేళ
మోకాటి లోతు బురదలో వంగి
వేళ్లతోనే వెతికి పట్టుకొస్తుంది.
మేం బకెట్టు తూచి
బురద కింద వంద గ్రాములు కోసేస్తాం,
బురదున్నా, లేకపోయినా.

ఒకసారి తుపాను ముసురు.
షెడ్డు చూరు కింద మూడు ఇటుకలు పెట్టి
నత్తల కూర వండింది.
మూకుడు మూత తీసి
"రవంత నాలిక్కి తగిలిచ్చుకో సారూ" అనింది.
"శనివారం. నీసు ముట్టను" అన్నాను.
అది బేస్తవారం.
ఆమె ఏమీ అనలా.
మూత పెట్టేసింది.

ఆ మరుసటేడు కంపెనీ నన్ను ట్రైనింగుకని
వియత్నాం పంపింది, హైఫాంగ్ ఊరికి.
పని నేర్పే కుర్రాడు తువాన్
ఒక సాయంత్రం స్కూటరు మీద వాళ్లింటికి తీసకపోయాడు.
వాళ్లమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చోనుంది.
గుడ్ల సొన, ఉల్లికాడలు,
సన్నగా తరిగిన నారింజ తొక్క,
ఆ పైన గిన్నె వంచి జారవిడిచింది
ఎరుపూ పచ్చా కలగలిసి పాకుతున్నవాటిని.

నాకెవరూ పేరు చెప్పక్కర్లా.
వాటి కాళ్ల కుచ్చులు కూడా ఎరుగుదును.

ఏడాదికి కొన్నాళ్లే దొరుకుతాయంట.
తువాన్ కిలో ధర చెప్పాడు.
రూపాయల్లోకి మార్చుకుని
మళ్లీ మార్చి చూసుకున్నాను.

అట్టు నా కంచంలో పడింది.
కడుపులో తొట్టి నీళ్లు కదిలాయి.
ఫోను నోటి దగ్గర పెట్టుకుని
"ఈ రోజు శనివారం" అన్నాను.
ఫోను వాళ్ల భాషలో పలికింది.
ముసలామె గోడనున్న కేలండరు వంక చూసి తలూపింది.
ఫోను తిరిగి తెలుగులో అంది:
"అవును. శనివారం. పిల్లలు ఇంటికొచ్చే రోజు. తిను."

నిజంగానే శనివారం.

వడ్డించిన మనిషి చూపు ఏ దేశంలోనైనా
కళ్లలోకి కాదు, దవడ మీద ఉంటుంది.
నమిలాను.
మొదటి ముక్కని భయమే తినేసింది, రుచి నాదాకా రాలా.
రెండోదానికి నారింజ తొక్క చేదు,
జున్ను లాంటి మెత్తదనం,
ఆ వెనక, చాలా వెనక,
మా ఉప్పుటేరు.
మూడోది నేనే అడిగి పెట్టించుకున్నాను.

తిరిగొచ్చాక
ఎండు నారింజ తొక్కలు పొట్లం కట్టి రావణమ్మకిచ్చాను.
నువ్వు తెచ్చేవే, అవే,
అక్కడ అట్టు పోసి పెట్టారని చెప్పాను.
మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

పక్కకి తిరిగి ఉమ్మేసింది.
"ఎర్రలు తిన్నావా సారూ?
గాలానికి గుచ్చేవి, రొయ్యలకేసేవి!
మేమన్నా ముట్టం గదా వాటిని!"
ఆమె కోడలు పైట నోటికడ్డం పెట్టుకోని
నా నుంచి రెండడుగులు జరిగి నిలబడింది.

ఆ రెండడుగులు
అటు నుంచి నాకు తెలుసు.
ఇటు నుంచి కొత్త.

మధ్యాహ్నం నేనే పోయాను చూరు కిందికి.
"కూరేంది?"
"నత్తలే."
మూకుడు మీద చెయ్యి అట్టే ఉంచి
"ఇయాల ఏ వారం సారూ?" అనింది.
నేను చెప్పేలోగా కోడలు నవ్వేసింది.
వంద గ్రాముల మాట
ఆమె ఎత్తలా, నేనూ ఎత్తలా.

"ముందు చెయ్యి కడుక్కోనిరాపో" అనింది.
కడుక్కోనొచ్చాను.
దగ్గరికి లాక్కోని వాసన చూసింది.
మళ్లీ కడుక్కోమంది.