దారం కట్టి గెంతేది

కంటి ఆపరేషనైన పదకొండో రోజు
నల్లద్దాలు నుదుటి మీదికి తోసి
బెండ మొక్కల దగ్గర నిలబడ్డాను.
ఆకు మీద నూగు కనబడింది.
నూగులోంచి ఎవరో చూస్తున్నారు.

ఈగనుకున్నాను. ఈగయితే లేచిపోయేది.
ఇది మొహం తిప్పింది.
నేను ఎడమకి జరిగితే ఎడమకి,
కుడికి జరిగితే కుడికి,
బాకీ ఉన్నవాడిని చూసినట్టు.

ఎదురింటి జోష్ణ బళ్ళోంచి భూతద్దం తెచ్చింది.
"ఒలమ్మో, ఎనిమిది కళ్ళు మామ్మా!"
ముందు రెండూ లారీ దీపాలు,
వాటి పక్కన చిన్నవి రెండు,
మిగతా నాలుగూ నెత్తిమీద.
వెనకింటి సంగతులూ తెలియాలి కదా మరి.
నాకున్న రెండింట్లో బాగుపడింది ఒకటే,
రెండోది మాఘం వెళ్ళాక చూద్దామన్నారు శ్రీకాకుళంలో.

పొందూరులో నలభై ఏళ్ళు నూలు వడికాను.
వాలుగ దవడతో పత్తి ఏకి
కంటికానని పోగు తీసి
ఆ పోగుకే కళ్ళు అప్పజెప్పాను.
అందుకే అడిగాను దాన్ని,
సాలెపురుగంటారు, నీ మగ్గమేదే?
కొమ్మల సందుల్లో వెతికాను, గోడవార వెతికాను.
ఒక్క వల లేదు.

"ఇది నెయ్యదు మామ్మా, గెంతుతాది.
చదరం మొహం, పొట్టి కాళ్ళు, వీపున తెల్లపట్టీ,
అవీ గుర్తులు."
గోరింట మీద ఇంకోటి చూపించింది.
చీమే అన్నాను.
కాళ్ళు లెక్కెట్టమంది.
ముందు జత పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది దొంగముండ.
ఎనిమిది!

ఈలోగా బెండాకు మీదిది
పక్కాకు మీది పచ్చదోమని చూసింది.
నడుము కింద ఆనించి, ఒక్క క్షణం,
ఏదో అంటించినట్టు,
గెంతింది.
తప్పింది.

కింద పడలేదు.
గాలిలో ఊగుతోంది, ఎండ అడ్డంగా తగిలి
మెరిసింది పోగు.
నాలుగేళ్ళయింది నేను పోగు చూసి.
వేళ్ళతో తడిమి వడికాను ఇన్నాళ్ళూ,
తెగితే చప్పుడుని బట్టి అతికాను.
ఇప్పుడిదిగో, మొదటి నుంచి చివరిదాకా,
ఎక్కడా ఉండ లేదు, పురి జారలేదు.

అది పోగు పట్టుకుని పైకొచ్చింది,
మళ్ళీ ఆనించింది.
సాయంత్రం మందు కొడతానన్న అసిరయ్యని
రావద్దని చెప్పాలి.

"ఆ దారం ఎంత సన్నం మామ్మా?"
నూటిరవై నెంబరు దాటిందే, అన్నాను.
జోష్ణ నోటుబుక్కులో రాసుకుంది:
కళ్ళు ఎనిమిది. కాళ్ళు ఎనిమిది.
నెంబరు నూటిరవై పైన.