బిరడా చెట్లు

పసుపు డబ్బా నా చేతిలో, ఎరుపు డబ్బా జెర్వాజియు చేతిలో.
నిప్పు నాకేసిన దారిగుర్తుల్ని మళ్లీ వేసుకుంటూ
అల్గార్వ్ కొండలు ఎక్కుతున్నాం.
రాయికి రెండు గీతలు. చెట్టుకి రెండు గీతలు.
చెట్టే లేనిచోట, పాతిన గుంజకి రెండు గీతలు.

ఇది నాలుగో వసంతం.
అయినా ఒరుసుకుంటే ప్యాంటుకి మసే.
రాత్రి వాన పడిందంటే నేలంతా ఆరిన పొయ్యి వాసన.

ఎస్తేవా పొదలు మాత్రం విరగబూశాయి,
ఒక్కో తెల్లరేకు అడుగునా నల్లెరుపు చుక్క,
ఎవరో కూర్చుని అన్నిటికీ దిష్టిచుక్క పెట్టినట్టు.
యూకలిప్టస్ సంగతి సరేసరి,
పిలవని చుట్టం, అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది.

మలుపు తిరిగితే బిరడా చెట్లు.
బెరడు ఒలిచిన ఏడాది చివరి అంకె
మానుమీద తెల్లరంగుతో రాస్తారు.
తొమ్మిదేళ్లకోసారి ఒలుపు.
తొందరపడితే చట్టమూ ఊరుకోదు, చెట్టూ ఊరుకోదు.

మసికింద లీలగా రెండు అంకె ఉన్నవి బతికాయి.
ఆరేళ్ల బెరడు మంటని గుమ్మంలోనే నిలబెట్టింది.
పైన బొగ్గు, బొగ్గు పగుల్లోంచి చిగురు.

ఎనిమిది రాసినవి
నిలబడి ఉన్నాయి, అంతే.
రంగు ఉబ్బి రాలిపోయింది.
చదవడానికి అంకె లేదు, ఆయనకి అక్కర్లేదు.

"ఆ జూలైలో ఒలిచింది నేనే," అన్నాడు,
కాఫీలోకి చక్కెర అడిగినంత మామూలుగా.
"ముప్పై రెండు చెట్లు. గొడ్డలి మొన లోపలి పొరకి తగల్లేదు,
ఒక్కదానికి కూడా. మేస్త్రీ మెచ్చుకున్నాడు.
మూడు వారాలకి నిప్పొచ్చింది."

ఒలిచిన కొత్తలో మాను ఎర్రగా, తడిగా ఉంటుందట,
నీళ్లు పోసుకుని తువ్వాలు కోసం చూసే పిల్లాడిలా.
పోలిక ఆయనదే. నాకు అంత ధైర్యం లేదు.

లిస్బన్‌లో మా వంటింటి సొరుగు నిండా
సీసాల బిరడాలు, అమ్మ పోగేసినవి, ఎందుకో తెలీదు.
వాటిమీద ఏ అంకే ఉండదు.

చచ్చిన మానుమీద గీత వద్దన్నాడు.
రెండు శీతాకాలాల్లో పడిపోతుంది,
దారి తప్పిస్తుంది.

పోయిన వేసవికే రెండు అంకె చెట్లకి తొమ్మిదేళ్లు నిండాయి.
యజమాని ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాడట.
జెర్వాజియు ఒక చెట్టు దగ్గర ఆగి
బెరడు చీలికలోకి బొటనవేలు దింపాడు.
వేలు మొదలంటా మునిగింది.

"ఇంకా పలచగానే ఉంది," అన్నాడు నాకేసి చూడకుండా.
"ఇంకో ఏడాది ఆగమని చెప్తాను."

నేను పసుపు డబ్బా మూత తీశాను.