తవుడిచ్చి కొన్న పేరు

పర్లాకిమిడిలో నా దుకాణం
గొడుగులు బాగుచేసే సాయిబుకీ, హోమియో డాక్టరుకీ మధ్యన.
బోర్డు మీద తన్వి అని ఉంటుంది,
ఒరియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి.
రెండు లిపుల్లోనూ అబద్ధమే.

మొదటి వీడియోకి
ఫోను నిలబెట్టడానికి ఏమీ లేక పౌడరు డబ్బాకి ఆనించాను.
దారంతో కనుబొమ్మలు తీస్తున్న వేళ్లు పడలేదు,
మొదట్నించి చివరిదాకా నా మోచెయ్యే.
పదకొండుమంది చూశారు. అందులో నలుగురు మా పిన్ని కూతుళ్లు.
ఎవడో కటకం వాడు అడిగాడు,
మోచేతికి కూడా ఏమైనా పూస్తారా అని.
నవ్వేశాను గానీ
ఆ రాత్రి నిమ్మచెక్క అరిగిపోయింది.

కాశీనగరం బస్సు దిగి ఝిలి వచ్చింది పనికి.
పందొమ్మిదేళ్లది. తెలుగు సగం, ఒరియా సగం,
తక్కినదంతా కళ్లతోటే.
"అక్కా, మూడు సెకన్లలో మొహం మారిపోవాలి,
లేపోతే బొటనవేలితో తోసేస్తారు మనల్ని."
మూడు సెకన్లు!
మా అమ్మకి నలుగుపిండి జల్లించడానికే పొద్దెక్కేది.

వాయిదాల మీద గుండ్రటి లైటు కొన్నాం.
దాని ముందు కూర్చున్న ప్రతి కంట్లోనూ
ఒక తెల్లటి గాజు మెరిసేది.
గుణుపురం నించి, టెక్కలి నించి, ఏరవతల పాతపట్నం నించి
రేటెంత, రేటెంత, రేటెంత.
చెప్పగానే అందరూ ఒక్కసారే మూగపోయేవారు.

కొమ్ము దువ్వెనలు చెక్కే మహారణా తాత
"నాదీ ఒకటి చూపించమ్మా" అని ఇచ్చాడు.
జడ వేస్తూ చూపించాను. నలభై కావాలన్నారు.
తాత ఆర్నెల్లకి ఆరు చేస్తాడు.
"వద్దని చెప్పు" అని మళ్లీ ఉలి అందుకున్నాడు.
నాకు రాని విద్య అది, వద్దనడం.

వద్దనలేకే కదా
కుప్పిలి వారి సంపూర్ణ పెళ్లిమొహాన్ని
ఫోన్లో మీట నొక్కి పాలల్లో ముంచాను.
లైకులు వేలల్లో.
వాళ్ల మామ్మ కళ్లద్దాలు తుడుచుకుని చూసి
"ఎవల గుంటే ఇది? మన గుంటేదీ?" అంది.
నిద్ర పట్టలేదు అనను. పట్టింది.
తెల్లారి లేచాక మాత్రం
ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో.

శ్రావణానికి ముందర, ఒక లైవులో
నలుగుపిండి కలుపుతుండగా కరెంటు పోయింది.
కళ్లలో గాజులు చిట్లిపోయాయి.
కిటికీలోంచి వానమబ్బు వెలుతురు,
నా చేతులకి పెసరపిండి, కస్తూరి పసుపు, తవుడు.
ఝిలి ఫోను దించలేదు.
ఎవరో అడిగారు, తవుడెందుకక్కా అని.

ఎందుకా?
నాకు ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు.
నన్ను పురిట్లోనే పక్కింటామెకి ఇచ్చేసి
చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది అమ్మ,
చావుకి నా మీద ఆశ పుట్టకుండా.
తవిటమ్మ అంటే అదే.
తన్వి కాదండీ, తవిటమ్మ.
ఇంత చవగ్గా దొరికిన ఒళ్లు ఇది,
చూడండి ఎంత నున్నగా ఉందో
అని మోచెయ్యి చాపాను ఫోను ముందుకి.

ఎంతమంది చూశారో నన్నడక్కండి,
ఝిలికి అంకెలంటే సంబరం.
పొద్దున్నకి పద్నాలుగు పొట్లాలు అడిగారు.
ఒకడు వీధిలో "ఏయ్ తవుడూ" అని అరిచి
సైకిలెక్కి పారిపోయాడు.
నిన్నటిదాకా ఊరికే ఇచ్చిన మిల్లువాడు
కిలోకి రేటు కట్టాడు.

బోర్డు మార్చడానికి పెయింటరు వచ్చాడు.
అక్షరానికి యాభై, రెండు లిపులకీ వేరువేరుగా.
తన్వి రెండక్షరాలు. తవిటమ్మ నాలుగు.
"తవుడిస్తే రాస్తావా?" అన్నాను.
అతను నవ్వలేదు.
ఎన్ని చేటలని అడిగాడు.
వాళ్లింట్లో ఈనిన ఆవుందట.