తుపాకీ పేలింది

కిసుము కోర్టులో మూడో నంబరు గదిలో
నేను టైపిస్టును.
పంతొమ్మిదేళ్లుగా ఎవరెవరి మాటలో
నా వేళ్ల మీదుగా కాగితం మీదికి దిగుతున్నాయి.
నా మిషన్లో 'ఓ' అక్షరం అరిగిపోయింది.
మా మగవాళ్ల పేర్లు చాలావరకు దాంతోనే మొదలవుతాయి మరి.

ఈ పొద్దున ఒబురాని తెచ్చారు.
బోడా బోడా నడుపుతాడు.
కిరాయి ఎగ్గొట్టి పోబోయినవాణ్ణి
హెల్మెట్‌తో ఒక్కటిచ్చాడు. పన్ను ఊడింది.
ఆ పన్నుని పొట్లం కట్టి మరీ తెచ్చి
మేజిస్ట్రేటు బల్ల మీద పెట్టారు.
టైపు చేశాను:
ఒబురా, ఇరవై ఏడేళ్లు, తండ్రి పేరు, తాత పేరు,
గుర్తింపు కార్డు నంబరు, న్యాలెండాలో రేకుల ఇల్లు,
కొట్టాడు.
"జేబులో చెయ్యి పెట్టాడయ్యా,
కత్తి తీస్తాడేమోనని భయపడ్డాను."
"భయమేస్తే కొట్టేస్తావా?" అన్నారు దొరగారు.
పద్నాలుగు నెలలు.
బెల్టు తీసుకున్నారు, బూట్ల తాళ్లు తీసుకున్నారు.
బండి తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలో తెలీక
గదంతా చూశాడు.

మధ్యాహ్నం ఫ్యాను ఆగింది.
సరస్సు వైపు నుంచి ఎండుచేపల వాసన.
అబుతో కేసు. కేసు అనకూడదట, విచారణ అనాలట.
పదహారేళ్లవాడు, ఛార్జింగుకిచ్చిన ఫోను తెచ్చుకుందామని
చీకటి పడ్డాక వెళ్లాడు.

కానిస్టేబుల్‌కి కుర్చీ వేశారు.
పేరు వద్దన్నారు, నంబరు చాలన్నారు.
చిరునామా అడగబోతే లాయరు నా వైపు చూశాడు.
ఆయన చదువుతున్నాడు, నేను కొడుతున్నాను:
"గుమిగూడిన జనాన్ని చెదరగొట్టే క్రమంలో
కనీస బలప్రయోగం జరిగింది.
తుపాకీ పేలింది.
బాలుడికి తూటా తగిలింది.
ప్రాణం పోయింది."

జరిగింది, పేలింది, తగిలింది, పోయింది.
చినుకు పడింది, పొద్దు గుంకింది అన్నట్టు.

చిన్నప్పుడు బళ్లో టీచరు చెప్పేది,
క్రియ దగ్గర నిలబడి
ఎవరు, ఎవరు అని అడుగుతూ
వెనక్కి నడవండి, కర్త దొరుకుతాడని.
నడిచాను. ఎదురుగా కుర్చీలో కూర్చుని
గోళ్లు చూసుకుంటున్నాడు.
కర్మ మాత్రం
వెనక బెంచీ మీది తల్లికి మిగిలింది.

"జనం ఎంతమంది?"
"ఒక్కడే సార్. చీకట్లో ఎక్కువమందిలా అనిపించింది."
"భయపడ్డారా?"
"భయపడ్డాను సార్."
దొరగారు తలూపారు,
భయమంటే ఏమిటో తెలిసిన మనిషిలా, మెల్లగా.
ఆ తలూపడం కొట్టడానికి
నా మిషన్లో అక్షరం లేదు.

హోమా బేకి బదిలీ.
అక్కడ క్వార్టర్లు గాలొచ్చేలా ఉంటాయంటారు.

అయిదింటికి రోసెలిడా నా కిటికీ దగ్గరికొచ్చింది.
కాపీ కావాలంది. పేజీకి ఇరవై షిల్లింగులు,
కొంగు ముడి విప్పి నాణేలు లెక్కపెట్టింది.
చదువు రాదు, చదివి వినిపించమంది.
తుపాకీ పేలింది దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"అమ్మాయీ, మా ఇంట్లో కుండ పగిలితే
పిల్లలూ ఇలాగే అంటారు. కుండ పగిలిందీ అని.
నేనొప్పుకోను. వరసగా నిలబెడతాను.
ఒకసారి గంజి కుండ.
నలుగురూ నేల చూపులు చూస్తుంటే
అబుతో ముందుకొచ్చి
నేనే పగలగొట్టానమ్మా అన్నాడు.
కాళ్ల మీద ఇంకా గంజి కారుతోంది.
ఆరేళ్లు అప్పుడు వాడికి."

నాణేలు అక్కడే పెట్టి నిలబడింది.
కాపీలో ఒక్క మాట మారిస్తే
నా ఉద్యోగం పోతుంది.
పోతుంది అన్నానా?
తీసేస్తారు.
ఎవరు తీసేస్తారో కూడా నాకు తెలుసు.

మార్చలేదు.
ముద్ర వేసింది నేనే.